డబ్బిచ్చారు, బొమ్మలు తీసుకున్నారు, సంతకం ఏదీ?

ప్రశ్న: నేను, ఇద్దరు స్నేహితులు కలిసి హైదరాబాద్‌లో సొంతంగా ఒక వీడియో గేమ్ తయారు చేస్తున్నాం. 2022 జనవరిలో కాకినాడ అమ్మాయి ఒకరి చేత కాన్సెప్ట్ ఆర్ట్, అంటే గేమ్‌లో పాత్రలు, దృశ్యాలు ఎలా ఉండాలో చూపే బొమ్మలు, వేయించుకున్నాను. బొమ్మకు 3 వేల చొప్పున 24 బొమ్మలు, మొత్తం 72 వేలు. మాటలన్నీ వాట్సాప్‌లోనే. జూన్‌కల్లా అన్నీ ఇచ్చేసింది. అప్పుడు 25 వేలు, 2023 ఫిబ్రవరిలో 5 వేలు ఇచ్చాను. మిగతాది గేమ్ రిలీజయ్యాక ఇస్తానంటే సరేనంది. ఇప్పుడు ఒక విదేశీ పబ్లిషర్ ముందుకొచ్చారు, ఆర్టిస్టులందరితో చేసుకున్న అగ్రిమెంట్లు పంపమన్నారు. ఆ సంగతి తెలిసి ఈ అమ్మాయి 2 లక్షలివ్వాలి, లేదంటే నా బొమ్మలు తీసేయండి అంటోంది. తనకు మొదటి అవకాశం ఇచ్చింది నేను. సొంత చెల్లెలిలా చూసుకున్నాను, వాళ్లక్క పెళ్లికి కూడా వెళ్లాను. ఇది బ్లాక్‌మెయిల్ కాదా? మూడేళ్లు దాటింది కాబట్టి ఇక డబ్బు అడిగే హక్కు లేదు కదా? ఐడియా నాది, డబ్బు నాది, బొమ్మలు నావి కావా? మా బాబాయి పాత తేదీ స్టాంపు పేపరు ఇప్పిస్తానంటున్నారు, ఆమె ఇన్‌వాయిస్ మీది సంతకం స్కాన్ చేసి పెడితే సరిపోతుందంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. సలహా చెప్పగలరు.

జవాబు: పైన కుదించి వేసిన మీ నాలుగు పేజీల ఉత్తరంలో మూడు పేజీలు పెళ్లి గురించి, చెల్లెలి గురించి ఉన్నాయి. అవి కోర్టుకి అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు. ఆ నాలుగు పేజీల్లో నేను వెతికింది ఒక్కటే, ఆ అమ్మాయి సంతకంతో హక్కులు మీకు రాసిచ్చిన కాగితం. అది లేదు. మీ కేసు మొత్తం అక్కడే ఉంది.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ ఎవరు గీస్తే హక్కు వాళ్లదే. ఆమె మీ దగ్గర జీతానికి పనిచేసి ఉంటే, ఉద్యోగంలో భాగంగా గీసినవాటి హక్కు యజమానికి చెందుతుందని సెక్షన్ 17లో ఉంది. కానీ ఆమె ఉద్యోగి కాదు, తన ఇంట్లో తన టాబ్లెట్ మీద బొమ్మకింత అని గీసిచ్చిన ఫ్రీలాన్సర్. అలాంటివాళ్ల నుంచి హక్కులు మీకు రావాలంటే సెక్షన్ 19 ప్రకారం రాతపూర్వకంగా, ఆమె సంతకంతో బదిలీ జరగాలి. నోటిమాట చెల్లదు. ‘ఇవన్నీ మీవే అన్నయ్యా’ అని ఆమె వాట్సాప్‌లో పెట్టినా అది సంతకంతో ఇచ్చిన బదిలీ పత్రం అయిపోదు.

‘డబ్బిచ్చాను కదా’ అన్నారు. ఆ మాటకి చట్టంలో కొంచెం చోటుంది, లేదనను. డబ్బు తీసుకుని ఇంకొకరి కోరిక మీద వేసిన పెయింటింగ్, పోర్ట్రెయిట్, తీసిన ఫొటో, వీటికి వేరే ఒప్పందం లేకపోతే వేయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారు అని అదే సెక్షన్ 17 చెబుతుంది. కానీ అందులో ‘డ్రాయింగ్’ అనే మాట లేదు. చట్టం పెయింటింగ్‌ని, డ్రాయింగ్‌ని వేర్వేరుగా లెక్కపెట్టి, ఈ వెసులుబాటు ఒకదానికే ఇచ్చింది. మీరు పంపిన 24 చూశాను. తొమ్మిది వట్టి గీతల స్కెచ్‌లు, పాత్ర ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి. మిగతా పదిహేను రంగులు వేసిన దృశ్యాలు. ఈ పదిహేను పెయింటింగులే అని కోర్టులో వాదించవచ్చు, అవతలి లాయరు కాదని వాదిస్తాడు. ఆ వాదన తేలేదాకా పబ్లిషర్ కాంట్రాక్టు పట్టుకుని కూర్చోడు. ఆయన అడిగింది సంతకం ఉన్న అగ్రిమెంటు, మీ వాదన కాదు.

ఐడియా నాదే అన్నారు. కావచ్చు. ఐడియాకి కాపీరైట్ లేదు, దాన్ని గీసిన తీరుకి ఉంది, ఆ తీరు ఆమెది. పైగా ఉత్తరం చివర ఒక తెలివైన మాట రాశారు, ఆ బొమ్మలు నేరుగా గేమ్‌లో కనిపించవు, వాటిని చూసి మేం త్రీడీ మోడల్స్ చేసుకున్నాం అని. అదే మీకు ఎదురు తిరుగుతుంది. రెండు కొలతల బొమ్మని మూడు కొలతల్లో చూపించడం కూడా కాపీ కిందికే వస్తుందని సెక్షన్ 14లో స్పష్టంగా రాసి ఉంది.

ఇక మూడేళ్ల సంగతి. మీ ఆశంతా దీని మీదే ఉన్నట్టుంది.

పనిచేసిన డబ్బు కోసం దావాకి, చెల్లించే సమయం అనుకోకపోతే, పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లు గడువు. 2022 జూన్ నుంచి లెక్కేసి 2025 జూన్‌తో అయిపోయిందని మీరనుకున్నారు. కానీ సమయం మీరే పెట్టారు, ‘రిలీజయ్యాక’ అని. గేమ్ ఇంకా రిలీజ్ కాలేదు. అంటే గడియారం ఇంకా మొదలే కాలేదని ఆమె లాయరు అంటాడు, ఆ వాదన బలమైనదే. అది కాకపోయినా 2023లో ఇచ్చిన 5 వేలు ఉంది. గడువులోపు బాకీలో కొంత చెల్లిస్తే, దానికి మీ చేతిరాతగానీ సంతకంగానీ ఉంటే, ఆ రోజు నుంచి గడువు మళ్లీ కొత్తగా మొదలవుతుంది. దావాల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టంలో సెక్షన్ 19 ఇది. యూపీఐ రికార్డు దానికి సరిపోతుందా అన్నది వాదించుకునే విషయం, నేనైతే దాన్ని నమ్ముకుని ధైర్యంగా కూర్చోను.

అసలు సంగతి ఇది. ఆమె డబ్బు దావాకి గడువు నిజంగానే దాటిపోయిందనుకుందాం. 72 వేలలో ఇవ్వాల్సిన 42 వేలు మీకు మిగిలాయి, అంతే. బొమ్మల మీద హక్కు మాత్రం ఆమె దగ్గరే ఉంటుంది. కాపీరైట్ ఆమె జీవితాంతం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఉల్లంఘనకి నష్టపరిహారం దావాకి కూడా గడువు మూడేళ్లే, కానీ అది ఉల్లంఘన జరిగిన రోజు నుంచి. రేపు మీరు అమ్మే ప్రతి కాపీ కొత్త ఉల్లంఘన. లిమిటేషన్ చాటున దాక్కుంటే 42 వేలు మిగుల్చుకుని గేమ్ పోగొట్టుకుంటారు.

ఆమె కోర్టుకి వెళ్లాల్సిన పని కూడా లేదు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో గేమ్ పెట్టిన రోజు అమెరికా కాపీరైట్ చట్టమైన డీఎంసీఏ కింద ఒక నోటీసు పంపితే పేజీ కిందకి దిగిపోతుంది. మీరు ఎదురు నోటీసు ఇచ్చి, ఆమె అక్కడ దావా వేయకపోతే మళ్లీ పైకి రావడానికి 10 నుంచి 14 పనిదినాలు. రిలీజ్ వారంలో పేజీ లేకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

బ్లాక్‌మెయిల్ అన్నారు. తన హక్కుకి ధర అడగడం నేరం కాదు. 2 లక్షలు ఎక్కువా తక్కువా అన్నది బేరం. పోలీస్ స్టేషన్‌కి వెళితే సివిల్ మేటర్ అని పంపేస్తారు, ఈలోగా ఆమె లాయర్ని పెట్టుకుంటుంది.

మీ బాబాయి గారి సలహా. దయచేసి ఆ స్టాంపు పేపరు ఇంట్లోకి కూడా రానివ్వకండి. పేపరు వెనక అమ్మిన తేదీ, వరుస సంఖ్య, కొన్నవాళ్ల పేరు ఉంటాయి, అవే వెండరు రిజిస్టర్‌లోనూ ఉంటాయి. కోర్టు ఆ రిజిస్టర్ తెప్పిస్తే నిమిషంలో బయటపడుతుంది. ఇక సంతకం. ఇన్‌వాయిస్ మీది సంతకం, ‘అగ్రిమెంటు’ మీది సంతకం ఒకదాని మీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసిపోతాయి. మనిషి రెండుసార్లు చేసిన సంతకాలు అలా కలవవు. హక్కుల్ని బదిలీ చేసే పత్రాన్ని ఫోర్జరీ చేయడం భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 338 కిందికి వస్తుంది, శిక్ష పదేళ్ల దాకా, యావజ్జీవం కూడా ఉంది. దాన్ని అసలుదని పబ్లిషర్‌కి పంపితే మరో నేరం. ఇప్పుడు మీది డబ్బుతో తేలే సివిల్ తగాదా, దాన్ని జైలు కేసు చేసుకోకండి. బొమ్మల్ని ఏఐలో వేసి కొంచెం మార్చేస్తే కొత్తవైపోతాయని మీ స్నేహితుడు అన్నాడట. ఆ పాత్రని చూడగానే ఆమె గీసిందే అని గుర్తుపట్టేలా ఉంటే అది కాపీయే, ఏ సాఫ్ట్‌వేర్‌తో చేసినా సరే.

సాక్ష్యం విషయంలో మిమ్మల్ని తిట్టాల్సిందే. 2024లో ఫోన్ మార్చినప్పుడు చాట్లు పోయాయని ఒక్క వాక్యంలో తేల్చేశారు. మీకు ఇవాళ మిగిలిన ఒకే ఒక్క రక్షణ ఆ చాట్లే. ఎందుకంటే హక్కుల బదిలీకి సంతకం కావాలి గానీ, వాడుకోవడానికి అనుమతికి, అంటే లైసెన్స్‌కి, 2012 సవరణ తర్వాత ఆమె రాసిన రాత ఉంటే చాలు, కాపీరైట్ చట్టం సెక్షన్ 30లో సంతకం అన్న మాట తీసేశారు. ‘మీ గేమ్‌లో వాడుకోండి’ అని ఆమె టైప్ చేసిన ఒక్క మెసేజ్ ఉంటే కనీసం అనుమతి ఉందని నిలబడవచ్చు. 25 వేలు మీ అమ్మగారి ఖాతా నుంచి పంపారు, యూపీఐ నోట్‌లో ‘బిర్యానీ’ అని రాశారు. సరదాగా రాశారట! రేపు కోర్టులో ఆ సరదాని వివరించండి. ఆమె దగ్గర బొమ్మ పొరలు పొరలుగా విడివిడిగా ఉండే అసలు ఫొటోషాప్ (పీఎస్‌డీ) ఫైళ్లు తేదీలతో సహా ఉన్నాయి, మీ దగ్గర మామూలు జేపెగ్ బొమ్మలు, ఒక బిర్యానీ.

ఇప్పుడు చేయాల్సింది. పాత ఫోన్ అమ్మేయకుండా ఇంట్లో ఉంటే దాన్ని రీసెట్ చేయకండి. గూగుల్ డ్రైవ్‌లో వాట్సాప్ బ్యాకప్ చూడండి, మీ ఇద్దరు స్నేహితుల ఫోన్లు చూడండి, గ్రూప్‌లో మాట్లాడుకుని ఉంటే వాళ్ల దగ్గర ఉంటుంది. దొరికితే స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకుండా మొత్తం చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫోన్‌ని అలాగే దాచండి. కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. ఇది 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది, ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య, అంటే హ్యాష్ వాల్యూ, రాయాలి. అమ్మగారి బ్యాంక్ స్టేట్‌మెంట్ కూడా తీసి పెట్టండి.

ఆ తర్వాత ఆమెతో కూర్చోండి. మీ కోపం పబ్లిషర్ కాంట్రాక్టు కన్నా ఖరీదైనదైతే నా దగ్గర సలహా లేదు. 42 వేలు ఎలాగూ మీరివ్వాల్సిందే, దాని మీద ఎంత అన్నదే మాట్లాడుకోవాల్సింది. తేలకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో లోక్ అదాలత్‌కి ముందస్తు దరఖాస్తు పెట్టండి, కోర్టు ఫీజు ఉండదు, అక్కడ రాజీ కుదిరితే అది డిక్రీతో సమానం.

రాజీ కుదిరితే బదిలీ పత్రం రాయించండి. ఇవాళ్టి తేదీతోనే. 2022 నుంచి ఇప్పటిదాకా చేసిన వాడకానికి అభ్యంతరం లేదని అందులో రాసుకోవచ్చు, అది పూర్తిగా చట్టబద్ధం, దానికి పాత తేదీ అక్కర్లేదు. ఇంటర్నెట్‌లో దొరికే ఒక పేజీ నమూనా మాత్రం వాడకండి. కాలం రాయకపోతే బదిలీ ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని చట్టం అనుకుంటుంది. మీ పబ్లిషర్ అమ్మేది ప్రపంచమంతా. ‘కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా’ అని స్పష్టంగా ఉండాలి. ఏడాదిలోపు వాడకపోతే హక్కు తిరిగి వెళ్లిపోతుందన్న కాపీరైట్ చట్టం సెక్షన్ 19(4) వర్తించదని రాయించండి, చిన్న టీమ్‌ల గేములు ఎప్పుడు రిలీజవుతాయో దేవుడికే తెలియాలి. 24 బొమ్మల్నీ చిన్న సైజులో ఫైలు పేర్లతో సహా అనుబంధంగా జతచేసి, ప్రతి పేజీ మీద ఆమె సంతకం తీసుకోండి. త్రీడీ మోడల్స్, ట్రైలర్లు, టీషర్టులు, రెండో భాగం, అన్నీ పేరు పెట్టి రాయాలి, ఎంత డబ్బు అన్నది కూడా. క్రెడిట్స్‌లో ఆమె పేరు వేయండి. సెక్షన్ 57 కింద ఆ హక్కు బదిలీ తర్వాత కూడా ఆమెకే ఉంటుంది, ఖర్చు కూడా లేదు. డబ్బు, సంతకం ఒకే కూర్చోవడంలో జరగాలి. ఈసారి అమ్మగారి ఖాతా వద్దు, మీ ఖాతా నుంచి, నోట్‌లో పత్రం తేదీ రాసి పంపండి. ఆమె కాకినాడ నుంచి రాలేకపోతే ఆధార్ ఈ-సైన్ చెల్లుతుంది.

ఆమె ససేమిరా అంటే ఆ పాత్రల్ని వేరే ఆర్టిస్టు చేత కొత్తగా గీయించండి. ఆయనకి పాత బొమ్మలు చూపించకండి, మీ కథ రాసిన కాగితం మాత్రం ఇవ్వండి, అదేం ఇచ్చారో ఈమెయిల్‌లో ఉండాలి. త్రీడీ మోడల్స్ కూడా మళ్లీ చేయాలి. ఆరు నెలల పని పోతుంది, తెలుసు.

మీ ఉత్తరంలో మ్యూజిక్ చేసిన అబ్బాయి, మెనూలు డిజైన్ చేసిన ఇంకొకరు ఉన్నారని రాశారు, వాళ్లతో కూడా కాగితం లేదని నేను ఊహిస్తున్నాను. పబ్లిషర్ వాళ్ల అగ్రిమెంట్లూ అడుగుతారు. వాళ్లతో మాటలు బాగున్న ఈ వారంలోనే సంతకాలు పెట్టించుకోండి, ఈ అమ్మాయి గొడవ వాళ్ల చెవిన పడకముందే.