పొద్దున్నే డేటాబేస్ ఎందుకు ఆలస్యంగా లేస్తోంది?

ప్రశ్న: ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు లెక్కలు చూస్తాను. సర్వర్‌లో లినక్స్ మీద మైఎస్‌క్యూఎల్ 8 అనే డేటాబేస్ నడుస్తోంది. ఉదయం సర్వర్ వేస్తే డేటాబేస్ అందుబాటులోకి రావడానికి 12 నిమిషాలు పడుతోంది. కొన్నిసార్లు మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతోంది. అంతసేపూ పత్తి బండ్లు కాటా దగ్గరే నిలబడుతున్నాయి. రాత్రి మిల్లు మూసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేస్తాం. కొత్త సర్వర్ కొనమంటారా?
– ఒక పాఠకుడు, ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: ఇప్పుడే కొనకండి. మీరు రాసినవాటిలో మెయిన్ స్విచ్ సంగతే ముఖ్యమని నాకు తోస్తోంది. మైఎస్‌క్యూఎల్‌లో డేటాను భద్రపరిచే భాగమైన ఇన్నోడీబీ ప్రతి మార్పునూ ముందు రీడూ లాగ్ అనే చిట్టాలో రాసుకుని, అసలు ఫైళ్లలోకి తర్వాత తీరికగా చేరుస్తుంది. ఆ పని ముగియకముందే కరెంటు తీసేస్తే, మర్నాడు చివరి చెక్‌పాయింట్ (అంతవరకూ మార్పులు అసలు ఫైళ్లలోకి చేరాయన్న గుర్తు) నుంచి లాగ్‌ను చదివి, మిగిలిపోయిన మార్పులన్నిటినీ సరిచేసుకున్నాకే అది పనిలోకి దిగుతుంది. సెకనుకు సుమారు 100 చోట్ల మాత్రమే రాయగల పాత హార్డ్ డిస్క్ అయితే దీనికి నిమిషాలు పట్టడం సహజమే.

డేటాబేస్ తన ఇబ్బందులను రాసుకునే ఎర్రర్ లాగ్ తెరిచి, క్రాష్ రికవరీ (పైన చెప్పిన సరిచేసుకునే పని) అన్న మాటలున్నాయేమో, వాటి ముందూ వెనుకా ఎంత సమయం గడిచిందో చూడండి. అక్కడ ఆలస్యం కనబడకపోతే సర్వర్ లేచేటప్పుడు ఏ పని దగ్గర సమయం పోయిందో చూపే ‘సిస్టమ్‌డీ-అనలైజ్ క్రిటికల్-చైన్’ అనే ఆదేశం ఇవ్వండి. నెట్‌వర్క్ కేబుల్ ఊడిపోయి ఉంటే, దాని కోసమే యంత్రం 120 సెకన్ల దాకా ఎదురుచూసే అవకాశం ఉంది.

మధ్యలో ఆగిపోవడానికి కారణం వేరు. డేటాబేస్‌ను ఎలా మొదలుపెట్టాలో చెప్పే సర్వీస్ ఫైలులో గడువు ప్రత్యేకంగా రాయకపోతే, లినక్స్‌లో ప్రోగ్రాములను మొదలుపెట్టే సిస్టమ్‌డీ 90 సెకన్లే ఓపిక పట్టి, రికవరీ నడుస్తుండగానే డేటాబేస్‌ను ఆపేస్తుంది. మళ్లీ మొదలైనప్పుడు ఆ పనంతా దాదాపు మొదటికొస్తుంది. ‘సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్’ ద్వారా ‘టైమౌట్‌స్టార్ట్‌సెక్’ అనే ఆ గడువు విలువను 30 నిమిషాలకు పెంచండి. త్వరగా లేస్తుందని ఎవరైనా చెబితే రీడూ లాగ్ ఫైళ్లను మాత్రం దయచేసి తొలగించకండి. నిన్నటి తూకాలు అసలు ఫైళ్లలోకి చేరకముందు వాటిలోనే ఉంటాయి.

ఈ రాత్రి నుంచి సర్వర్‌కు షట్‌డౌన్ ఆదేశం ఇచ్చి, అది తనంతట తాను ఆరిపోయాకే మెయిన్ స్విచ్ ఆపండి. పగటి కరెంటు కోతలకు, బ్యాటరీ తగ్గగానే సర్వర్‌కు సమాచారమిచ్చి ఆపించగల యూపీఎస్ అవసరం. ఇలా వారం నడిపాక కూడా ఉదయపు ఆలస్యం తగ్గకపోతే, అప్పుడు కూడా మొత్తం సర్వర్‌ను మార్చకుండా, డేటా ఉన్న డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయించండి.