మద్దిలపాలెంలో కూర్చుని మన్‌హాటన్‌లో ఇల్లు వెతకొద్దు

సెలవులకి అమెరికా నుంచి విశాఖ వస్తే చాలు, రైతుబజార్‌లో వంకాయలు ఏరుకుంటున్నా ఎవరో ఒకరు అడుగుతారు: "అక్కా, న్యూయార్క్‌లో చౌకగా ఇల్లెక్కడ దొరుకుతుంది?" మొన్న మద్దిలపాలెం నుంచి ఒకబ్బాయి వాళ్ళమ్మని వెంటబెట్టుకుని ఎంవీపీ కాలనీలోని మా ఇంటికొచ్చాడు. ఎమ్మెస్ సీటొచ్చింది, ఆగస్టులో ప్రయాణం. ఫోన్ తీసి ఫొటోలు చూపించాడు. చెక్క ఫ్లోరింగ్, కిటికీలోంచి నది, మన్‌హాటన్‌లో సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, నెలకి 1,200 డాలర్లు. ఓనర్ వేరే దేశంలో ఉన్నాడట, డిపాజిట్ పంపిస్తే తాళాలు కొరియర్ చేస్తాడట. తల్లీకొడుకులు మా ఇంటినుంచి అటే బ్యాంకుకి వెళ్దామని బయల్దేరారు.

డబ్బు పంపొద్దని గట్టిగా చెప్పాను. ఎందుకంటే 2011లో నేనూ అదే పని చేశాను. ఇక్కడినుంచే 900 డాలర్లు పంపి, రెండు సూట్‌కేసులతో నేరుగా ఆ అడ్రసుకి పోయాను. ఒక ముసలావిడ తలుపు తీసింది. ఫొటోలో చూసిన నీలం కర్టెన్లు ఆవిడ వెనక కనిపిస్తూనే ఉన్నాయి. ఇల్లుంది, అద్దెకి మాత్రం లేదు. "ఈ నెలలో నువ్వు మూడోదానివి" అని మంచినీళ్ళిచ్చి పంపింది. ఆ 900 మళ్ళీ కంటపడలేదు.

అందుకే ఎవరడిగినా ముందు చెప్పేది ఒకటే. ఇక్కడినుంచి ఏడాది లీజు తీసుకోకండి. నెలకో రెండు నెలలకో ఏదైనా సబ్‌లెట్ గది (అద్దెకున్నవాళ్ళే మళ్ళీ అద్దెకిచ్చేది) చూసుకోండి, అదీ మీ సీనియరో తెలిసినవాళ్ళో స్వయంగా వెళ్ళి చూసి, వీడియోకాల్‌లో గదంతా తిప్పి చూపించాకే. దిగాక మీ కాళ్ళతో తిరిగి అసలు ఇల్లు వెతుక్కోండి. ఆ నెలకి కాస్త ఎక్కువైనా నష్టం లేదు.

మన సీతమ్మధారలో అయితే ఓనరు మొహం చూస్తాడు, మీదే ఊరు, నాన్నగారేం చేస్తారు, శాకాహారులా అని ఆరా తీస్తాడు, రెండు మూడు నెలల అడ్వాన్సు తీసుకుని తాళం చేతిలో పెడతాడు. అక్కడ మొహం కాదు, కాగితం చూస్తారు. న్యూయార్క్‌లో ఎక్కువమంది ఓనర్లు మీ సంవత్సరం జీతం నెల అద్దెకి 40 రెట్లు ఉండాలంటారు. 2,000 డాలర్ల ఇల్లు కావాలంటే 80,000 జీతమన్నమాట. లేకపోతే గ్యారెంటీ సంతకం పెట్టేవాళ్ళు కావాలి, వాళ్ళకి 80 రెట్లు ఉండాలి. పైగా క్రెడిట్ స్కోరు, అంటే అప్పులు వేళకి తీర్చిన చరిత్రకి అక్కడ వేసే మార్కులు. దిగిన రోజున అది మనకెవరికీ ఉండదు. పాస్‌పోర్టు, ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చే కాగితం) లేదా ఉద్యోగం ఆఫర్ లెటరు, బ్యాంకు స్టేట్‌మెంటు ఒకే పీడీఎఫ్‌లో పెట్టి ఫోన్‌లో ఉంచుకోండి. మంచి ఇల్లు పొద్దున చూస్తే సాయంత్రానికి పోతుంది, కాగితాల కోసం ఇంటికి ఫోన్ చేసేంత టైం ఉండదు.

డబ్బు విషయంలో చట్టం మన పక్షానే ఉంది, తెలియకే మోసపోతాం. 2019 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలో డిపాజిట్ ఒక నెల అద్దెకి మించకూడదు, అప్లికేషన్ ఫీజు 20 డాలర్లు దాటకూడదు. 2025 జూన్ నుంచి న్యూయార్క్ నగరంలో బ్రోకర్‌ని ఎవరు పెట్టుకున్నారో వాళ్ళే ఫీజు కట్టాలి. ఓనర్ పెట్టుకున్న బ్రోకర్ మీ దగ్గర చెయ్యి చాపితే ఇవ్వక్కర్లేదు. హడ్సన్ నది దాటి పక్క రాష్ట్రం న్యూజెర్సీ వెళ్తే లెక్క వేరు, అక్కడ డిపాజిట్ నెలన్నర అద్దె వరకు అడగొచ్చు.

ఇంకో చిన్న మాయ ఉంది. ప్రకటనలో 2,200 అని ఉంటుంది. లీజులో చూస్తే 2,400. పన్నెండు నెలల్లో ఒక నెల ఫ్రీ ఇచ్చి, దాన్ని అన్ని నెలలకీ పంచి తక్కువ చేసి రాస్తారు. మరుసటి ఏడాది పెంపు మాత్రం 2,400 మీదే మొదలవుతుంది. ఇల్లు రెంట్ స్టెబిలైజ్డ్ అయితే అదృష్టం, ఏటా ఎంత పెంచాలో నగర బోర్డు నిర్ణయిస్తుంది, ఓనర్ ఇష్టం కాదు. 1974కి ముందు కట్టిన, ఆరు అంతకుమించి ఇళ్ళున్న బిల్డింగుల్లో ఇవి ఎక్కువ. అడగడానికి మొహమాటపడకండి.

ఎక్కడ అంటే, నేను న్యూజెర్సీలోని జెర్సీ సిటీ జర్నల్ స్క్వేర్ మనిషిని, కాబట్టి నా మాట కాస్త పక్షపాతమే. నెవార్క్ ఎవెన్యూలో కరివేపాకు దొరుకుతుంది, న్యూజెర్సీ నుంచి మన్‌హాటన్‌కి వెళ్ళే పాత్ రైలు రాత్రంతా తిరుగుతుంది. కానీ పాత్ దిగి సబ్‌వే (న్యూయార్క్ మెట్రో) ఎక్కితే మళ్ళీ టికెట్టే, కాలేజీకి రెండూ ఎక్కాల్సొస్తే ఆ లెక్క అద్దెలో కలుపుకోండి. న్యూయార్క్ నగరంలోనే క్వీన్స్ వైపు అయితే, జాక్సన్ హైట్స్ నుంచి ఐదు సబ్‌వే లైన్లున్నాయి. అక్కడే ఫ్లషింగ్‌లో గణపతి గుడి, గుడి క్యాంటీన్‌లో దోసె. న్యూజెర్సీలో ఎడిసన్ వైపు తెలుగువాళ్ళు బోలెడు, అద్దె కూడా తగ్గుతుంది, అయితే రోజూ మన్‌హాటన్ వెళ్ళేవాళ్ళకి రైలు పాసు ఆ మిగులుని మింగేస్తుంది. గాజువాకలో ఉండి మధురవాడలో ఉద్యోగం చేసినవాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

బేస్‌మెంట్ గది చౌకగా వస్తుందని ఎగబడొద్దు. 2021 సెప్టెంబరు 1న ఐడా తుఫాను వానకి న్యూయార్క్‌లో బేస్‌మెంట్ ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చి 11 మంది చనిపోయారు. వాటిలో చాలావాటికి అనుమతే లేదు. హుద్‌హుద్ చూసిన ఊరివాళ్ళం, మనకి నీళ్ళంటే ఏమిటో తెలుసు.

మన పిల్లలు హాల్లో పరుపేసుకుని నలుగురు ఐదుగురు సర్దుకుంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను, తప్పనను. కానీ లీజులో మీ పేరుందా లేదా చూసుకోండి. లేకపోతే పేరున్నవాడు ఖాళీ చేసిన రోజు మీరూ రోడ్డు మీదే. ఉంటే, పక్కవాడు అద్దె ఎగ్గొట్టినా ఓనరు మొత్తం మిమ్మల్నే అడగొచ్చు. ఈ రెండో సంగతి చెప్పగానే ఆ అబ్బాయి మొహంలో టెన్షన్ కనిపించింది.

చలి గురించి వాళ్ళమ్మ భయం. న్యూయార్క్‌లో అక్టోబరు 1 నుంచి మే 31 దాకా హీటింగ్ ఇవ్వాల్సింది ఓనరే, బయట 55 ఫారెన్‌హీట్ (మన లెక్కలో సుమారు 13 డిగ్రీలు) కన్నా తగ్గితే పగలు ఇంట్లో 68 (20 డిగ్రీలు) ఉండాలి. ఇవ్వకపోతే నగరం ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ చేస్తే చాలన్నాను. ఆవిడకి అది అంతగా ఎక్కినట్టు లేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, "వంటింటికి కిటికీ ఉంటాదా అమ్మా?" అని అడిగింది.

మంచి ప్రశ్న. పద్నాలుగేళ్ళలో నన్నెవరూ అడగలేదు. చాలా ఇళ్ళలో ఉండదు, పొయ్యి హాల్లోనే ఒక గోడకి ఉంటుంది. నేను అక్కడ పెట్టిన మొదటి తాలింపుకే పొగ అలారం కూసి, పైన ఆరుగురు, కింద నలుగురు మెట్లమీదకొచ్చి నిలబడ్డారు. ఇల్లు చూసేటప్పుడు పొయ్యి దగ్గర నిలబడి పొగ లాగే ఫ్యాన్ వేసి చూడమన్నాను. అబ్బాయి అది కూడా ఫోన్‌లో రాసుకున్నాడు.