బరువు ఏ కాలి మీద ఉందో తెలుసుకో: చెల్లికి ఒక ఉత్తరం

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

చెల్లికి అక్క ఆశీస్సులు.

నిన్న వీడియో కాల్‌లో నువ్వు వంటింట్లోంచి హాల్లోకి రావడం చూశాను. కుడిచేతికి కట్టు, ఎడమచేత్తో గోడ పట్టుకుని, చూపంతా నేల మీదే. బాత్‌రూమ్‌లో పడింది ఒక్కసారే, కానీ నెల నుంచీ ప్రతి అడుగూ పడతానేమో అన్న టెన్షన్‌తోనే వేస్తున్నావు. ఆరేళ్ల కిందట నేనూ ఇలాగే నడిచాను. రాత్రిపూట మెట్టు కనపడక పడ్డాను. ఎముక విరగలేదు గానీ ధైర్యం పోయింది. నాలుగు నెలలు గుమ్మం దాటలేదు. కదలకపోయేసరికి కాళ్లలో సత్తువ తగ్గింది, సత్తువ తగ్గేకొద్దీ భయం పెరిగింది. నువ్వూ అందులో కూరుకుపోకూడదనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

అప్పుడు మా అబ్బాయి బలవంతాన లేక్ ఎలిజబెత్ పార్కుకు తీసుకెళ్లాడు. చెట్ల కింద పదిహేనుమంది దాకా చైనా పెద్దవాళ్లు తాయ్ చీ అనే వాళ్ల దేశపు వ్యాయామం చేస్తున్నారు. మెడలోతు నీళ్లలో నడుస్తున్నంత నిదానంగా ఉంది వాళ్ల కదలిక. నేర్పే మాస్టరమ్మకు అప్పటికే ఎనభై ఏళ్లు. ఆమెకు తెలుగు రాదు, నాకు చైనీస్ రాదు, ఇంగ్లీషు ఇద్దరికీ అంతంతమాత్రమే. నా రెండు భుజాల మీదా చేతులు వేసి మెల్లగా కిందికి నొక్కి 'ఫాంగ్ సోంగ్' అంది. వదులు చెయ్యి, బిగపట్టకు అని అర్థమట. పడతామన్న భయంతో ఒళ్లంతా కట్టెలా బిగించుకుని నడిచేవాళ్లకు ముందు చెప్పాల్సిన మాట అదే. బిగుసుకున్న ఒళ్లు తూలితే మళ్లీ సర్దుకోలేదు.

మొదటి రెండు వారాలు నాకు చేతుల కదలికలేవీ నేర్పలేదు. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మార్చడం, అంతే. ఒక కాలు నిండు, ఇంకోటి ఖాళీ. ఖాళీ కాలును ముందుకు జరిపి మడమ ఆనించాలి. దాని మీద ఇంకా బరువు వెయ్యకూడదు. నేల గట్టిగా ఉందో, జారుతోందో ఆ మడమకు తెలుస్తుంది. తర్వాతే బరువును ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి నీళ్లు వంపినట్టు కొద్దికొద్దిగా అందులోకి వంపాలి. మామూలు నడకలో మనం అడుగూ బరువూ ఒకేసారి పడేస్తాం. కింద తడి ఉంటే ఇక వెనక్కి తీసుకునే వీలుండదు. నువ్వు జారింది అలాగే.

నెమ్మది ఎందుకంటావేమో. వేగంగా నడిస్తే ఊపే మనిషిని ముందుకు మోసేస్తుంది, కాలికి పెద్దగా పని ఉండదు. నిదానంగా కదిలితే ఆ కాసేపూ ఒక్క కాలే ఒళ్లంతా మోయాలి. తొడ, పిక్క, పాదం అన్నీ పనిచేస్తాయి. పైకి సుతారంగా కనిపిస్తుంది గానీ పది నిమిషాలకు నాకు తొడలు వణికాయి.

అందులో 'కోతిని తరమడం' అనే కదలిక ఉంది. చేతులు మార్చుకుంటూ ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ పోవాలి. నాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే. ఫ్రిజ్ తలుపు లాగినా, బీరువా తెరిచినా మనం వెనక్కి అడుగు వేస్తాం. ఈ వయసులో ఆ వెనకడుగే తడబడుతుంది, మనమేమో దాన్ని ఎప్పుడూ సాధన చెయ్యం.

తాయ్ చీ మొదట పోరాట విద్య, మన కర్రసాములాగా. 17వ శతాబ్దంలో హెనాన్ రాష్ట్రంలోని చెన్ వంశం వాళ్ల ఊళ్లో పెరిగింది. అక్కడ నేర్చుకున్న యాంగ్ లూచాన్ 19వ శతాబ్దంలో బీజింగ్‌కు తీసుకెళ్లాడు. పార్కుల్లో ఎక్కువగా చేసే 24 కదలికల వరసను 1956లో చైనా ప్రభుత్వ క్రీడాసంఘం కూర్చింది. అంతా కలిపి ఐదారు నిమిషాలే. 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఎదుటివాడు తోస్తే పడకుండా నిలబడటం ఈ విద్యకు ప్రాణం. ఇప్పుడు మనల్ని తోసేది తడి నేల, మడత పడ్డ కాళ్లపట్ట, చీకట్లో మెట్టు.

లెక్కల టీచరుగా చేసినదాన్ని కదా, అంకెలు చూడనిదే నాకు నమ్మకం కుదరదు. 2018లో అచ్చైన ఒక అధ్యయనంలో, ఇక్కడి ఆరెగాన్ రాష్ట్రంలో 70 ఏళ్లు దాటి, అంతకుముందు పడినవాళ్లనీ నడకలో ఇబ్బంది ఉన్నవాళ్లనీ 670 మందిని తీసుకున్నారు. వారానికి రెండుసార్లు, గంటసేపు, 24 వారాలు. ఊరికే ఒళ్లు సాగదీసే వ్యాయామం చేసినవాళ్లతో పోలిస్తే తాయ్ చీ చేసినవాళ్లు పడటం 58 శాతం తగ్గింది. మరిదిగారికి పార్కిన్సన్స్ అన్నారు కాబట్టి ఇంకోటీ చెబుతాను. 2012లో ఆ జబ్బున్న 195 మందిలో చూస్తే, తాయ్ చీ చేసినవాళ్లకు నిలకడ బాగా మెరుగైంది. జబ్బు పోదు, మందులు మానకూడదు. కానీ ఇద్దరూ కలిసి చెయ్యండి.

మన యోగా ఉండగా ఇదెందుకని నువ్వు అడుగుతావు. ప్రాణాయామం నేను మానలేదు. కింద కూర్చుని లేవడం మోకాళ్ల వల్ల కావడం లేదు, ఇది మాత్రం నిలబడి చేసేది. పడేది కూడా నిలబడి ఉన్నప్పుడే కదా.

కట్టు విప్పాక డాక్టరును అడిగి మొదలుపెట్టు. టిఫిన్ అయ్యాక వంటింటి గట్టు పక్కన నిలబడు. షుగరు మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో వద్దు. పాదాలు భుజాలంత ఎడం. గట్టు మీద ఎడమచెయ్యి ఊరికే ఆనించు, గట్టిగా పట్టుకోకు. బరువంతా కుడికాలికి మార్చి నాలుగు లెక్కపెట్టు, ఎడమ మడమ తేలిగ్గా పైకి వస్తుంది. తర్వాత బరువు ఎడమకాలికి మార్చి అలాగే చెయ్యి. ఊపిరి బిగపట్టకు. మోకాలు కొంచెమే వంచు, అది కాలివేళ్లు చూసే వైపే చూడాలి, లోపలికి ఒరిగితే నొప్పి తెస్తుంది. కళ్లు తిరిగినట్టుంటే కూర్చో. ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు, మరిదిగారు ఇంట్లో ఉన్నప్పుడే. యూట్యూబ్ చూసి ఒంటికాలి మీద నిలబడే కోడిపుంజు కదలిక మాత్రం చెయ్యకు. అది నా పక్కన ఉన్నప్పుడు చేద్దువుగాని.

నాకు ఫలితం తెలిసింది మూడో నెలలో. స్నానం చేసి బయటికొచ్చాక, గడప దాటేటప్పుడు గోడ పట్టుకోలేదని గుర్తొచ్చింది. ఏడుపొచ్చేసింది.

సంక్రాంతి అయ్యాక మీ ఇద్దరూ ఇక్కడికి వస్తున్నారని మీ అమ్మాయి చెప్పింది. వాళ్ల ఇంటి నుంచి పార్కుకు పది నిమిషాలే. మాస్టరమ్మకు నీ సంగతి సైగలతోనే చెప్పాను, నవ్వి తన పక్కన చోటు చూపించింది. మందపాటి అడుగున్న స్పోర్ట్స్ బూట్లు కొనుక్కోకు, వాటిలో నేల తెలియదు. పల్చటి అడుగున్న కాన్వాసు బూట్లు ఇక్కడే దొరుకుతాయి. మీ ఇద్దరి పాదాలూ కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి, స్కేలు పక్కన పెట్టి ఫొటో పంపు. తెచ్చి ఉంచుతాను.

మీ అక్క