సయనోబాక్టీరియాలో అక్కరలేని జన్యువులు ఏవి?

ప్రశ్న: వరి పొలాల్లో జీవన ఎరువుగా వేసే నీలి ఆకుపచ్చ నాచుకు దగ్గరి బంధువులైన సూక్ష్మజీవుల నుంచి కొన్ని జన్యువులను తొలగించి, వాటి చేత చక్కెరలు, ఇంధనాలు తయారు చేయించే ప్రయత్నాలు జరుగుతున్నాయని చదివాను. ఎంతో కాలంగా నిలిచి ఉన్న జన్యువులను తీసివేస్తే జీవి బలహీనపడదా? ఏ జన్యువు అక్కరలేదో ఎలా నిర్ణయిస్తారు?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: మీరు చదివింది సయనోబాక్టీరియాల గురించి. మొక్కల మాదిరిగానే నీటిని విడగొట్టి, ఆక్సిజన్‌ను విడుదల చేస్తూ కిరణజన్య సంయోగక్రియ జరిపే బాక్టీరియాలు ఇవే. నత్రజనిని స్థిరీకరించడం, అందుకోసం ప్రత్యేక కణాలను ఏర్పరచుకోవడం వంటి పనులు కూడా చేసే నాస్టాక్ పంక్టిఫార్మే వంటి జాతిలో జన్యుపదార్థం సుమారు 90 లక్షల క్షార జంటల (డీఎన్ఏ నిచ్చెనలోని మెట్ల) దాకా ఉంటుంది. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడేవి అంతకంటే చిన్నవి. 1996లో జపాన్‌లోని కజుసా డీఎన్ఏ పరిశోధన సంస్థ పూర్తిగా చదివిన సినెకోసిస్టిస్ 6803 (ఈ అంకె ఆ రకానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య) ప్రధాన క్రోమోజోమ్‌లో సుమారు 36 లక్షల క్షార జంటలున్నాయి. సినెకోకాకస్ 7942లో సుమారు 27 లక్షలు ఉన్నాయి.

డీఎన్ఏ తగ్గితే దానిని నకలు చేసుకునే శ్రమ తగ్గి కణం వేగంగా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఆ ఆదా నిజమే కానీ స్వల్పం. కణం తన శక్తిలో చాలా ఎక్కువ భాగాన్ని ప్రోటీన్ల తయారీకే వెచ్చిస్తుంది గనుక, ఏ ప్రోటీన్ తయారీ ఆగిందన్నదే లెక్కలోకి వస్తుంది. తొలగింపుకు అంతకంటే పెద్ద కారణం, చొప్పించిన జన్యువులు చెడకుండా నిలిచే స్థిరత్వం. 1999లో కెనడా శాస్త్రవేత్తలు మరొక బాక్టీరియా నుంచి తెచ్చిన రెండు జన్యువులను సినెకోకాకస్ 7942లో చొప్పించి, దాని చేత ఇథనాల్ తయారు చేయించారు. ఆ తరువాత ఐసోబ్యూటనాల్, సుక్రోజ్ వంటి అనేక పదార్థాలను ఇతరులు ఇదే తరహాలో రాబట్టారు. ఇలాంటి జాతులతో తరచుగా ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, మనకు కావలసిన పదార్థాన్ని తయారు చేయడం కణానికి నష్టం; అందువల్ల చొప్పించిన జన్యువు ఏదో ఒక విధంగా చెడిపోయిన కణం మిగతా వాటికంటే త్వరగా విభజన చెంది, కొన్ని తరాలలోనే తొట్టి అంతా తానే అవుతుంది. జన్యువులను ఇలా చెడగొట్టే వాటిలో ఒక చోటి నుంచి మరొక చోటికి గెంతే డీఎన్ఏ ముక్కలు ముఖ్యమైనవి. పేగుల్లో ఉండే ఎశ్చరీషియా కోలై బాక్టీరియాలో ఆ ముక్కలనూ, మరికొన్ని అనవసర భాగాలనూ కలిపి దాదాపు 15 శాతం జన్యుపదార్థాన్ని తొలగించిన జాతిని 2006లో ప్రకటించారు. ఆ జాతి బలహీనపడలేదు సరికదా, చొప్పించిన జన్యువులను మరింత నమ్మకంగా నిలుపుకున్నది. సయనోబాక్టీరియాల విషయంలో ఆశ కూడా అదే.

ఇక ఏది అక్కరలేదన్న ప్రశ్నకు వద్దాం. అమెరికాలో సినెకోకాకస్ 7942 మీద పని చేసి 2015లో ఫలితాలు ప్రకటించిన బృందం ఇందుకు మంచి దారి చూపింది. గెంతే డీఎన్ఏ ముక్కనే పనిముట్టుగా వాడి, జన్యుపదార్థంలో ఎక్కడ పడితే అక్కడ అది దూరేటట్లు చేసి, సుమారు రెండున్నర లక్షల వేరువేరు మార్పుల సంగ్రహాన్ని వారు తయారు చేశారు. ఏ జన్యువులో ఆ ముక్క దూరిన కణం ఒక్కటి కూడా బ్రతికి కనిపించలేదో, ఆ జన్యువు అత్యవసరమైనదని అర్థం. ఈ విధంగా పరిశీలించిన 2,723 జన్యువులలో 718 అత్యవసరమని తేలింది. మిగతా రెండు వేల పైచిలుకును తీసి పారవేయవచ్చునా అంటే వీలు కాదు. ఒకే పనిని రెండు జన్యువులు చేస్తున్నప్పుడు ఏ ఒక్కటి పోయినా కణం బ్రతుకుతుంది గనుక రెండూ అక్కరలేనివిగానే లెక్కకు వస్తాయి. రెండింటినీ తీసివేసిన రోజున కణం చస్తుంది. ఒక్కొక్కదాన్నే చెడగొట్టి చూసే పరీక్షకు ఈ లోపం తప్పదు.

నా దృష్టిలో ఇంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. ఆ 718 అన్న అంకె ఆ ప్రయోగశాలలోని పరిస్థితులకు, అంటే దీపం ఆరకుండా వెలుగుతూ, పోషకాలు పుష్కలంగా ఉండి, పోటీదారులెవరూ లేని జీవితానికి వర్తించే అంకె. ఈ జీవికి కై-ఎ, కై-బి, కై-సి అనే మూడు ప్రోటీన్లతో నడిచే అంతర్గత గడియారం ఉంది. ఎడతెగని వెలుతురులో పెంచితే గడియారం చెడిన కణం కూడా హాయిగానే పెరుగుతుంది. రాత్రీ పగలూ మారుస్తూ, మంచి గడియారం ఉన్న కణాలతో కలిపి పెంచితే మాత్రం వెనుకబడుతుంది. గడియారం చెప్పిన మాటను మిగతా జన్యువులకు చేరవేసే ఆర్‌పీఏ-ఎ అనే జన్యువును పూర్తిగా తీసివేస్తే, వెలుతురులో బ్రతికే కణం చీకటికి తట్టుకోలేకపోతుంది. కాబట్టి ఆరుబయట ఎండలో పెంచబోయే జాతికి, దీపాల కింద మూసిన గాజు పాత్రలో పెంచబోయే జాతికి తొలగింపుల జాబితా ఒకటే అయ్యే వీలు లేదు. జీవి ఎక్కడ బ్రతకబోతున్నదో ముందుగా చెప్పకుండా 'కనీస జన్యువులు' ఎన్ని అని అడగడంలో అర్థం లేదు.

జన్యువుల సంఖ్య మీదే దృష్టి పెట్టేవారు సినెకోకాకస్‌లోనే యూటెక్స్ 2973 అనే జాతిని గమనించాలి. అనుకూల పరిస్థితుల్లో సుమారు రెండు గంటలకు ఒకసారి రెట్టింపయ్యే ఈ జాతికి, అంతకంటే మందకొడిగా పెరిగే 7942కు డీఎన్ఏలో తేడా అతి స్వల్పం. ఈ వేగానికి మూడు జన్యువులలోని మార్పులు ప్రధాన కారణమని సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హిమాద్రి పక్రాసీ బృందం 2018లో తేల్చింది. ఆ మూడింటిలో ఒకటి పైన చెప్పిన ఆర్‌పీఏ-ఎ. ఏ భాగాన్నీ పెద్ద ఎత్తున తొలగించకుండానే, మూడు చోట్ల సవరణతో ఇంత వేగం సాధ్యమైనప్పుడు, తొలగింపును దానికదే గొప్పగా భావించనక్కరలేదు.

తొలగించడం చేతిపనిగా కూడా ఓపిక కోరే వ్యవహారం. సినెకోసిస్టిస్ కణంలో క్రోమోజోమ్ ఒక్కటి ఉండదు; పది, పన్నెండు ప్రతులు, పరిస్థితిని బట్టి అంతకు మించీ ఉంటాయి. ఒక జన్యువు స్థానంలో యాంటీబయోటిక్ అయిన కనామైసిన్‌ను తట్టుకునే జన్యువును పెట్టినప్పుడు ముందుగా ఒకటి రెండు ప్రతులే మారతాయి. బయటికి వచ్చిన ఆకుపచ్చని చుక్కలాంటి కాలనీని తీసి, కనామైసిన్ మోతాదు పెంచిన మరొక పళ్ళెం మీద గీసి, మళ్లీ కాలనీలు కనిపించే వరకు వేచి ఉండి, ఇదే పనిని పదే పదే చేయాలి. ప్రతిసారీ పీసీఆర్ చేసి, అంటే ఆ చోటి డీఎన్ఏను ఎన్నో ప్రతులుగా పెంచి, ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ మీద చూస్తే రెండు గీతలు కనిపిస్తాయి. పాత జన్యువుకు చెందిన గీత క్రమంగా పలచబడి మాయమైతే పని పూర్తయినట్లు. ఎన్నిసార్లు గీసినా ఆ గీత పోకుంటే, ఆ జన్యువును కణం వదులుకోలేదని గ్రహించాలి. డీఎన్ఏను కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతి వచ్చాక ఈ నిరీక్షణ తగ్గింది. అందులోనూ కత్తిరించడానికి మామూలుగా వాడే క్యాస్9 ప్రోటీన్ వీటిలో చాలా జాతులకు విషతుల్యం కావడంతో క్యాస్12ఎ అనే మరొక ప్రోటీన్‌ను ఆశ్రయించవలసి వచ్చింది.

తీసివేతను ప్రకృతి విరుద్ధంగా భావించనక్కరలేదని కూడా చెప్పాలి. అనబీనా 7120 నత్రజనిని స్థిరీకరించే కణాన్ని తయారు చేసుకునేటప్పుడు, ఒక ముఖ్య జన్యువు మధ్యలో అడ్డుగా ఉన్న సుమారు 11 వేల క్షార జంటల ముక్కను తానే కత్తిరించి పారవేస్తుంది.

ప్రశ్న: సముద్రంలో ఉండే సయనోబాక్టీరియా అయిన ప్రోక్లోరోకాకస్‌కు జన్యువులు సహజంగానే తక్కువ కదా. శ్రమపడి తొలగించే బదులు దానినే వాడుకోవచ్చు కదా?
– జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: ఆలోచన సరైనదే. 1988లో లోకానికి తెలిసిన ఈ జీవిలో మెడ్4 అనే రకానికి సుమారు 16.6 లక్షల క్షార జంటలే ఉన్నాయి. ఆక్సిజన్ విడుదల చేస్తూ స్వతంత్రంగా బ్రతికే కిరణజన్య జీవులలో ఇంత చిన్న జన్యుపదార్థం ఉన్నవి అరుదు. అయితే ఈ తేలికదనం ఇరుగుపొరుగుల మీద ఆధారపడి వచ్చింది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడగొట్టే కాటలేజ్ ఎంజైమ్ జన్యువు దీనికి లేదు. ఆ విషాన్ని చుట్టూ ఉన్న ఇతర బాక్టీరియాలు తొలగిస్తూ ఉంటే ఇది బ్రతుకుతుంది. ఒంటరిగా పెంచితే అతి సున్నితం. పైగా రోజుకు సుమారు ఒక్కసారే విభజన చెందుతుంది. బయటి జన్యువును దీనిలో చొప్పించడం కూడా చాలా కష్టం. ఏమేమి లేకుండా కిరణజన్య జీవితం సాగుతుందో తెలుసుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది గాని, కర్మాగారానికి పనికిరాదు.

ప్రశ్న: మనం తినే స్పిరులినాను ఇలా తేలిక చేయవచ్చా?
– పాఠకుడు, విజయనగరం

జవాబు: అదీ సయనోబాక్టీరియానే గనుక సూత్రప్రాయంగా చేయవచ్చు. అయితే దానిలో జన్యు మార్పులు చేయడమే చాలా కాలం కొరకరాని కొయ్యగా ఉండేది. చికిత్సకు పనికివచ్చే ప్రోటీన్లను దాని చేత తయారు చేయించినట్లు అమెరికా పరిశోధకులు 2022లో ప్రకటించారు. స్పిరులినాను తెరిచిన తొట్లలో, ఇతర నాచులు పెరగలేనంత క్షారగుణం ఉన్న నీటిలో పెంచుతారు. తొట్టి శుభ్రంగా ఉండటానికి కారణం అదే. కాబట్టి అంతటి క్షారగుణాన్ని తట్టుకునే శక్తినిచ్చే జన్యువులు ప్రయోగశాలలోని మామూలు నీటిలో అనవసరంగా కనిపించినా, వాటి జోలికి వెళ్లకూడదు.