సిడ్నీకి రాడ్లు పట్టుకెళ్ళండి, విసురు వల మాత్రం వద్దు

మీరు అడిగింది ఇదీ కదండీ: సిడ్నీలో అబ్బాయి దగ్గరకి మూడు నెలలు వెళ్తున్నారు, రెండు చేపల రాడ్లు, రీళ్ళు, గాలాల డబ్బా, మీ నాన్నగారి విసురు వల విమానంలో రానిస్తారా, అక్కడ దిగాక పట్టుకుంటారా అని. ముందు జవాబు చెప్పేస్తాను. రాడ్లు, రీళ్ళు, గాలాలు నిక్షేపంగా తీసుకెళ్ళండి. వల మాత్రం ఇంట్లోనే ఉంచండి. విమానం వాళ్ళు వద్దంటారని కాదు, సిడ్నీ ఉన్న న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలో విసురు వల వేయడమే నిషేధం, వేయకపోయినా నీళ్ళ పక్కన వలతో కనబడితే తప్పే. అంత బరువు మోసుకెళ్ళి అబ్బాయి ఇంట్లో మూల పెట్టుకోవడం ఎందుకు?

నేను 2023లో మా అమ్మాయి దగ్గరకి బ్రిస్బేన్ వెళ్ళినప్పుడు వల తీసుకెళ్ళాను. అది క్వీన్స్‌లాండ్, అక్కడి రూలు వేరు. పోటు పాట్లు తగిలే నీళ్ళలో విసురు వల వేసుకోవచ్చు, కాకపోతే కొప్పు, అంటే తాడు కట్టే పైకొస, నుంచి అంచున ఉండే సీసం గుళ్ళ దాకా 3.7 మీటర్లు దాటకూడదు, వల కన్ను 28 మిల్లీమీటర్లు మించకూడదు. మా వల 12 అడుగులది, అంటే 3.66 మీటర్లు, కన్ను అంగుళం. అరుగు మీద పరిచి టేపు పెట్టి రెండుసార్లు కొలిచాకే ధైర్యం వచ్చింది. ఒకే దేశంలో రాష్ట్రం మారితే రూలు ఇంత మారిపోతుంది కాబట్టి ఎవరో ఆస్ట్రేలియాకి పట్టుకెళ్ళారట అంటే ఏ ఊరికి అని అడగండి.

ఇక సర్దడం. మాది సఖినేటిపల్లి దగ్గర, వశిష్ఠ గోదావరి ఒడ్డు. నరసాపురంలో పైపుల కొట్టుకి వెళ్ళి నాలుగు అంగుళాల డ్రైనేజీ పైపు నాలుగు అడుగుల ముక్క కోయించుకొచ్చాను, రెండు మూతలతో సహా. ఏడడుగుల రాడ్డు రెండు ముక్కలుగా ఊడుతుంది కాబట్టి ఒక్కో ముక్క మూడున్నర అడుగులు, పైపులో సుఖంగా పడుతుంది. చివర్లకి పాత తువ్వాలు ముక్కలు కుక్కాలి, లేకపోతే రాడ్డు కొసన ఉండే సన్నటి రింగు లోపల కొట్టుకుని విరిగిపోతుంది, అది విరిగితే రాడ్డు పోయినట్టే. మూత గమ్ముతో అంటించేయొద్దు. సెక్యూరిటీ వాళ్ళు తెరిచి చూస్తామంటే తెరవగలగాలి, అందుకని టేపు చుట్టి వదిలేయండి, టేపు చుట్ట ఒకటి చేతి సంచిలో పెట్టుకోండి. చాలా ఎయిర్‌లైన్స్ చెకిన్ సామానుకి పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు అంటాయి, ఈ పైపుకి ఆ మూడూ కలిపినా 150 లోపే ఉంటుంది. అయినా టికెట్ కొన్నవాళ్ళకి ఫోన్ చేసి, ఇది ఒక లగేజీ కింద లెక్కా, ఆటసామాను కింద లెక్కా అని ముందే అడగండి, ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్కేస్తుంది. నాది మామూలు లగేజీ కిందే పోయింది, కాకపోతే పెద్ద సామాన్ల కౌంటర్ దగ్గరకి తీసుకెళ్ళి ఇవ్వమన్నారు.

ఆ పైపు పట్టుకుని పంటు, అంటే రేవు దాటించే పడవ, ఎక్కి నరసాపురం వైపు దాటి రైలెక్కాను. బెర్తు కింద పడుకోబెట్టాను, తెల్లారేదాకా రెండు మూడుసార్లు వంగి చూసుకున్నాను. నాలుగు ముక్కలుగా ఊడే ట్రావెల్ రాడ్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, రెండడుగుల లోపే ఉంటాయి, మామూలు సూట్‌కేసులోనే పట్టేస్తాయి. కొత్తది కొనే ఉద్దేశం ఉంటే అదే కొనండి, ఈ పైపు గొడవే ఉండదు.

గాలాలు, సీసం గుళ్ళు, కత్తి, పటకారు, అన్నీ చెకిన్‌లోనే. చేతి సంచిలో ఒక్క గాలం కూడా ఉండకూడదు, చొక్కా జేబులో, టోపీకి గుచ్చినవి కూడా చూసుకోండి. గాలాలు విడిగా పోయకండి, సామాను తెరిచే అధికారి చేతికి గుచ్చుకుంటే పాపం కదా. థర్మోకోల్ ముక్కకి వరసగా గుచ్చి డబ్బాలో పెట్టి డబ్బాకి టేపు వేయండి. రీళ్ళు బట్టలో చుట్టి సూట్‌కేసు మధ్యలో పెట్టండి, హ్యాండిల్ ఊడదీసి. సీసం సంగతి ముఖ్యం. ఎక్స్‌రేలో సీసం అవతల ఏముందో కనబడదు, నల్లటి ముద్దలా పడుతుంది. నా వలకి ఉన్న గుళ్ళన్నీ ఒకచోట ముద్దగా కనబడేసరికి మన దగ్గరే నన్ను పేరు పెట్టి పిలిచి పెట్టె తీయమన్నారు. వల పైనే పెట్టాను కాబట్టి నిమిషంలో అయిపోయింది, అదే అడుగున పచ్చళ్ళ కింద ఉంటే మొత్తం పెట్టె విప్పాల్సి వచ్చేది. మీకు వల లేకపోయినా గుళ్ళ డబ్బా పైనే పెట్టండి. అసలు గుళ్ళు అక్కడే కొనుక్కుంటే బరువు కూడా మిగులుతుంది.

తలకి పెట్టుకునే లైటు ఉంటే దాని విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకు చెకిన్‌లో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. మన కోనసీమ వాళ్ళం కాబట్టి ఇంకొకటి చెప్పాలి, కురిడీ కొబ్బరి విమానంలో వద్దు. దాన్లో నూనె వల్ల దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందని 2022 నుంచి చెకిన్‌లో కూడా నిషేధించారు. మా ఆవిడ అంబాజీపేట నుంచి ప్రత్యేకంగా తెప్పించింది, తీయించేశాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆస్ట్రేలియా వాళ్ళకి రాడ్డు, గాలం భయం కాదు, వాటికి అంటుకున్న మన మట్టి, మన నీళ్ళు, మన నాచు భయం. విమానంలో ఒక కార్డు ఇస్తారు. మట్టి గానీ, మట్టి అంటిన వస్తువులు గానీ, మంచినీటి చోట్ల వాడిన ఆటసామాను, చెప్పులు గానీ ఉన్నాయా అని ఒక ప్రశ్న ఉంటుంది. గత 30 రోజుల్లో పొలాలు, పశువులు, ఏర్లు, చెరువుల దగ్గరకి వెళ్ళారా అని ఇంకొకటి. గోదారి జిల్లాల్లో ఉన్నవాడు ఎవడైనా ఈ రెండిటికీ అవుననే టిక్ పెట్టాలి. కాలవ గట్టు మీదే కదా మన బతుకంతా. టెన్షన్ పడి కాదు అని పెట్టకండి. అవునన్నవాడికి జరిమానా లేదు, మహా అయితే వస్తువు ఉంచేసుకుంటారు. దాచిపెట్టి దొరికితే జరిమానా వేలల్లో పోతుంది, అదీ డాలర్లలో, మనలా చూడటానికి వెళ్ళిన వాళ్ళ వీసా రద్దు చేసి వెనక్కి పంపే అధికారం కూడా వాళ్ళకి ఉంది.

నాతో ప్రయాణం చేసిన ఒకాయన ఇదంతా చాదస్తం అన్నాడు. నాకు అలా అనిపించలేదు. 1994-95లో రొయ్యలకి తెల్లమచ్చ జబ్బు వచ్చినప్పుడు మా నాన్న రెండెకరాల చెరువులో టైగర్ రొయ్య వేసి ఉన్నారు. పొద్దున్న గట్టు మీదకి వెళ్తే రొయ్యలు అంచుకి వచ్చేసి, పట్టుకుంటే తల డొప్ప మీద సుద్దముక్కతో చుక్కలు పెట్టినట్టు తెల్లటి మచ్చలు. వారంలో చెరువు ఖాళీ. ఆ అప్పు తీర్చడానికి ఏడేళ్ళు పట్టింది మాకు. అదే జబ్బు 2016లో బ్రిస్బేన్ పక్కన లోగన్ నది ఒడ్డున రొయ్యల చెరువుల్లో బయటపడింది, వాళ్ళ చెరువులూ మనలాగే తుడిచిపెట్టుకుపోయాయి. 2017 మొదట్లో బయటి దేశాల పచ్చి రొయ్యల్నే కొన్నాళ్ళు ఆపేశారు. ఆ తర్వాత బ్రిస్బేన్ చుట్టుపక్కల గీత గీసి, ఆ గీత లోపలి పచ్చి రొయ్యని ఎరగా కూడా బయటికి తీసుకెళ్ళొద్దన్నారు. మా అల్లుడు ఈ సంగతి చెప్తుంటే నాకు మా నాన్న గట్టు మీద కూలబడిన పొద్దు గుర్తొచ్చింది. మన కాలవల్ని కమ్మేసిన గుర్రపుడెక్క దక్షిణ అమెరికాది. వలలు చింపేస్తున్న ఆ దెయ్యం చేపా అక్కడిదే. ఎవరో ఒకరు తెలియక తెచ్చి వదిలితేనే కదా వచ్చాయి. అందుకే వాళ్ళు అడిగిన ప్రతిదానికీ నేను మనస్ఫూర్తిగా జవాబు చెప్పాను, మీరూ అలాగే చెప్పండి.

కాబట్టి రాడ్లు కడగండి, ఏదో తడిపి తుడిచినట్టు కాదు. రీలు విప్పి బ్రష్షుతో, దారం మొత్తం ఒక బకెట్‌లోకి వదిలి సబ్బునీళ్ళలో, రాడ్డు రింగుల మూలల్లో పాత టూత్‌బ్రష్‌తో. తర్వాత బాగా ఆరాలి. నేను వానాకాలంలో వెళ్ళాను, ఎండ లేదు, వలని మేడ మీద గదిలో దండెం మీద వేసి ఐదు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టాను. మూడో రోజు చెయ్యి పెట్టి చూస్తే గుళ్ళ దగ్గర మడతల్లో ఇంకా చెమ్మ ఉంది. ఒక్కో గుండూ పక్కకి జరిపి చూస్తే ముడుల్లో గుర్రపుడెక్క వేరు పోగులు, ఆవగింజంత నత్త గుల్లలు. మూడుసార్లు ఉతికిన వలలో! సూదితో తీశాను అన్నీ. వల పనయ్యేసరికి రెండు పూటలు పట్టింది. చేపల దగ్గరకి వేసుకెళ్ళే చెప్పులు, బూట్లు కూడా ఇలాగే, లేదా కొత్తవి కొనుక్కోండి. ఎర సామాను ఏదీ పెట్టొద్దు, ఎండు రొయ్య పొడి, పిండి ముద్ద, ఏదీ వద్దు, అవి పెట్టిన డబ్బా కూడా వద్దు, వాసన పోదు.

బ్రిస్బేన్‌లో దిగాక ఎర్ర లైనులోకి పంపారు. స్టీలు బల్ల మీద వల పరవమన్నారు, నేనే పరిచాను. అధికారి చిన్న లైటు పట్టుకుని గుళ్ళ వరస మొత్తం వేలితో తడుముకుంటూ చూసింది, పది నిమిషాలు పట్టింది, బాగా కడిగారు అంది. పైపు తెరిచి రాడ్లు చూసింది, సరే అంది. తర్వాత గాలాల డబ్బా. దాన్లో గాలం దారానికి కట్టి నీళ్ళ మీద తేలనిచ్చే జీలుగు బెండ్లు, మా నాన్న చెక్కినవి, నాలుగు ఉన్నాయి, వేలెడంత పొడవు, ఎర్ర రంగు వేసినవి, నా చిన్నప్పటి నుంచి వాడుతున్నాను. ఒకదాన్ని వెలుతురులో తిప్పి చూసి నాకు చూపించింది, సూది మొనంత రంధ్రం, దాన్లోంచి పిండిలా పొడి రాలుతోంది. పురుగు. నాకు అసలు తట్టనే లేదు అది. నాలుగూ ఉంచేసుకుంది, ముందే చెప్పాను కాబట్టి జరిమానా లేదు, కాగితం మీద సంతకం పెట్టించుకుని సారీ అంది. ఇప్పటికీ మనసుకి కష్టంగానే ఉంటుంది, కానీ తప్పు నాదే, అవి ఇంట్లో పెట్టి వెళ్ళాల్సింది. అందుకే మీకు గట్టిగా చెప్తున్నాను: బెండు, వెదురు గడ, చెక్క పిడి ఉన్న పాత సామాను, ఇవేవీ పెట్టెలో పెట్టకండి. నెమలి ఈక బెండ్లు అయితే మరీ వద్దు, అవి మన దేశం దాటించడమే నిషేధం. ప్లాస్టిక్ బెండ్లు అక్కడ బోలెడు దొరుకుతాయి.

సిడ్నీలో లైసెన్సు ఫీజు కట్టకుండా గాలం వేయకండి, సముద్రంలో అయినా సరే. ఫోన్‌లోనే కట్టొచ్చు, మా వాళ్ళు కట్టినప్పుడు మూడు రోజులకి 7 డాలర్లు, ఏడాదికి 35 ఉంది, మూడు నెలలకి ఏది కలిసొస్తుందో అబ్బాయిని చూడమనండి. ఏ చేప ఎన్ని సెంటీమీటర్లు ఉంటే ఉంచుకోవచ్చు, రోజుకి ఎన్ని అన్నది పట్టిక ఉంటుంది, స్కేలు పెట్టి కొలవాలి. మేము ఒకసారి క్వీన్స్‌లాండ్‌లో ఉత్తరం వైపు వెళ్ళినప్పుడు బారముండి అని ఊరూరా గొప్పగా చెప్పుకుంటుంటే ఏం చేపో అనుకున్నాను, తీరా చూస్తే మన పండుగప్ప! అక్కడ అది 58 సెంటీమీటర్ల లోపున్నా, 120 దాటినా నీళ్ళలో వదిలేయాల్సిందే. నా గాలానికి పడింది 51, వదిలేశాను, బాధగా అనిపించలేదు.

ఇక మీ నాన్నగారి వల. మూడు నెలలు ఇంట్లో ఉంచుతారు కాబట్టి గోనెసంచిలో కుక్కి అటక మీద పడేయకండి, ఎలుకలు నైలాన్‌ని కూడా వదలవు. మంచినీళ్ళలో రెండుసార్లు జాడించి, నీడలోనే ఆరబెట్టండి, ఎండ తగిలితే దారం పెళుసుబారుతుంది. తర్వాత కొప్పు తాడుతో దూలానికి వేలాడదీయండి, గుళ్ళు నేలకి తగలకుండా జానెడు ఎత్తులో.