ఏ స్కోరు పంపాలి, ఏది మన దగ్గరే ఉంచుకోవచ్చు?

ప్రశ్న: అక్కా, గుంటూరులో బీఫార్మసీ చేశాను. పెళ్లయి డాలస్ వచ్చి మూడేళ్లయింది. ఫిజీషియన్ అసిస్టెంట్ (డాక్టర్లతో కలిసి రోగులను చూసే ఉద్యోగం) కోర్సుకు అప్లై చేస్తున్నాను. జీఆర్ఈ రెండుసార్లు రాశాను. మొదట వెర్బల్, క్వాంట్ కలిపి 296, రైటింగ్ 4. తర్వాత 311 వచ్చింది కానీ రైటింగ్ 3కి పడిపోయింది. మొదటిది చెప్పకపోతే దాచినట్టా? రెండూ కలిపి మంచివి మాత్రం పంపొచ్చా? రాత్రిళ్లు ఇదే ఆలోచన.

జవాబు: చెల్లీ, ముందు ఆ టెన్షన్ వదిలెయ్. మొదటి స్కోరు పంపకపోతే దాచినట్టు కాదు. జీఆర్ఈ నడిపే ఈటీఎస్ వాళ్లే స్కోర్‌సెలెక్ట్ అనే సౌకర్యం ఇచ్చారు. గత ఐదేళ్లలో రాసిన వాటిలో నీకు కావలసిన తేదీది పంపుకోవచ్చు. పరీక్ష రోజు ఉచితంగా పంపే నాలుగు రిపోర్టులకైతే తాజాది లేదా అన్నీ, ఈ రెండే దారులు. తర్వాత డబ్బు కట్టి పంపేటప్పుడు ఏదైనా ఎంచుకోవచ్చు. నువ్వు పంపని పరీక్ష ఊసు ఆ రిపోర్టులో ఎక్కడా ఉండదు.

కానీ ఒక తేదీ అంటే ఆ రోజు వచ్చినవన్నీ. మొదటిసారి రైటింగ్, రెండోసారి వెర్బల్, క్వాంట్ ఏరుకోవడం కుదరదు. నీకైతే 311 పంపమనే చెబుతాను. ఏదైనా ప్రోగ్రాము రైటింగ్‌కు విడిగా కనీస స్కోరు పెడితే, వాళ్ల అడ్మిషన్ ఆఫీసుకు రెండు లైన్ల మెయిల్ రాయి: "రెండు తేదీల స్కోర్లు పంపితే ఒక్కో సెక్షన్‌లో ఎక్కువ వచ్చింది తీసుకుంటారా?" అవునంటే అక్కడికి రెండూ పంపు. జీఆర్ఈ అక్కర్లేదన్న ప్రోగ్రాములకు ఏదీ పంపకు.

చాలామంది తప్పటడుగు వేసేది కాస్పా దరఖాస్తులో, అంటే ఫిజీషియన్ అసిస్టెంట్ ప్రోగ్రాములకు ఆన్‌లైన్‌లో పెట్టే ఉమ్మడి దరఖాస్తులో. టెస్టుల పేజీలో మన చేత్తో మనమే స్కోర్లు నింపే చోటు ఉంటుంది. నాకు తెలిసిన ఒకమ్మాయి నిజాయితీగా ఉండాలని రెండు తేదీలూ అక్కడ ఎక్కించేసింది. ఈటీఎస్ నుంచి ఒకటే పంపి ఏం లాభం? పంపాలనుకున్నదే అక్కడ రాయి. కానీ ఏదైనా కాలేజీ తన సొంత ఫారంలో "ఎన్నిసార్లు రాశారు, అన్నీ రాయండి" అని సూటిగా అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు రాయాల్సిందే. ఎంచుకునే హక్కు అడగనంతవరకే.

స్కోరు పంపేటప్పుడు కొట్టే కోడ్ విషయం కూడా చూసుకో. ఒక్కో ప్రోగ్రాముకు కాస్పా కోసం విడిగా జీఆర్ఈ కోడ్ ఉంటుంది. నేను తొందరలో యూనివర్సిటీ మామూలు కోడ్ కొట్టేశాను. స్కోరు ఎక్కడికో పోయింది, మళ్లీ డబ్బు కట్టి పంపాను. కొన్ని ప్రోగ్రాములు అడిగే కాస్పర్ పరీక్ష పేరు కాస్పాకు దగ్గరగా ఉన్నా అది వేరు, ఫలానా పరిస్థితిలో నువ్వేం చేస్తావని అడిగే పరీక్ష. ఒక సీజన్‌కు ఒక్కసారే రాయనిస్తారు, అందులో ఎంపిక లేదు. అందుకే ప్రాక్టీసు చేయకుండా కూర్చోకు.

ఇక ఎంసీఏటీ, అంటే ఇక్కడి మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష. జీఆర్ఈ బదులు దాన్ని ఒప్పుకునే ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. స్కోరు బాగుంటే పంపొచ్చు. అయితే "డాక్టరు కావాలనుకుని ఇటెందుకు వచ్చారు?" అనే ప్రశ్నకు సిద్ధపడాలి. మన ఎంబీబీఎస్ వాళ్లకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ఇక్కడ గుర్తింపు ఉన్న ప్రోగ్రాము చదవకుండా ఫిజీషియన్ అసిస్టెంట్ లైసెన్సుకు కావలసిన పాన్స్ పరీక్షకు కూర్చోనివ్వరు కాబట్టి, వాళ్లూ ఈ గుమ్మంలోంచే రావాలి. యూఎస్‌ఎంఎల్‌ఈ (ఇక్కడ డాక్టరు లైసెన్సుకు రాసే పరీక్ష) రాశారా అని అడిగితే రాశామనే చెప్పాలి.

స్కోర్ల కంటే నాకు భయం మార్కుల దగ్గర. అక్కడ ఎంపికే లేదు. ఒక్క కోర్సు చేసి మానేసిన కమ్యూనిటీ కాలేజీ అయినా సరే, చదివిన ప్రతిదీ కాస్పాలో రాయాలి. ఒక సబ్జెక్టు రెండుసార్లు చదివితే రెండు గ్రేడ్లూ జీపీఏలో కలుస్తాయి. ఇండియా డిగ్రీకి డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థ నుంచి కోర్సు వారీగా మదింపు చేయించాలి. నాకు బీఫార్మసీ రెండో ఏడాదిలో ఒక సబ్జెక్టు పోయింది. సప్లిమెంటరీ మెమో మీద నెల, సంవత్సరం వేరుగా ఉంటాయి కదా, ఇంటర్వ్యూలో ఒకాయన సరిగ్గా ఆ గడి మీద వేలు పెట్టి అడిగాడు. ఆ ఏడు నాన్నగారికి బైపాస్ అయింది, ఆస్పత్రిలో నేనే ఉన్నాను, చదవలేకపోయానని చెప్పాను. ఆయన తలూపి పేజీ తిప్పాడు. అదే ఆ మెమో పంపకుండా ఉండి ఉంటే ఆ గదిలో నా పరిస్థితి ఏమయ్యేదో!

కాస్పా ఏప్రిల్ చివర్లో తెరుస్తారు. చాలా ప్రోగ్రాములు వచ్చిన దరఖాస్తు వచ్చినట్టే చూస్తాయి కాబట్టి ముందే పంపెయ్. నీ జాబితాలో రైటింగ్ కనీసం అడిగేవి, రెండు స్కోర్లు కలిపి చూడనివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నాకు రాయి. రెండు మూడు దాటితే మళ్లీ రాయడం గురించి మాట్లాడుకుందాం. పరీక్షకూ పరీక్షకూ మధ్య 21 రోజులుంటే చాలు.