ఇన్యుపియాక్ నేర్చుకోబోతున్న మా అమ్మాయికి

అమ్మలూ,

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ వెళ్లి, ఆ రాష్ట్రపు ఉత్తరాది ఆదివాసుల భాష ఇన్యుపియాక్ చదువుతావట, మీ నాన్న చెప్పాడు. గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది. చలి గురించి కాదు, దానికి కోట్లు దొరుకుతాయి. నా బెంగంతా నీ నోటుపుస్తకం మీదే.

విభక్తులు నీకు సులువే. ఇగ్లు అంటే ఇల్లు. ఇగ్లుమి ఇంట్లో, ఇగ్లుమున్ ఇంటికి, ఇగ్లుకున్ ఇంటి గుండా. కర్మ ఫలానాదని తెలిసినప్పుడు కర్తకు ‘మ్’ చేరుతుంది, క్రియ చివర కర్త, కర్మ రెండింటి గుర్తులూ ఉంటాయి. కొన్నాళ్లు కూర్చుంటే పట్టుబడుతుంది.

తెలుగు లిపిలో రాసుకుందామని మాత్రం అనుకోకు. అచ్చులు అ, ఇ, ఉ, వాటి దీర్ఘాలే కదా, ఞ, ఙ, ద్విత్వాలు మనకున్నాయి కదా అనిపిస్తుంది. మనవాళ్లు బోల్తాపడేది అక్కడే. వాళ్లకు ‘క’లు రెండు. ఒకటి మనదే. రోమన్ క్యూతో రాసే రెండోదానికి నాలుక మొదలు వెనక్కి వెళ్లి కొండనాలుక దగ్గర తగలాలి. ఒక పడవకు మాట చివర క్యూ, రెండు పడవలకు కే, అంతకు మించితే టీ. తెలుగులో రాస్తే మొదటి రెండూ ‘ఉమియక్’ అయిపోతాయి, ద్వివచనం నీ పుస్తకంలోంచి మాయం! జీ మీద చుక్క ఉంటే అదీ కొండనాలుక దగ్గరిదే, గాలి ఒరుసుకుంటూ రావాలి.

ఎల్ కింద చుక్క చూడగానే, తెలుగును రోమన్‌లో రాసే మన పద్ధతి అలవాటుతో ‘ళ’ అనేస్తావు. తప్పు తల్లీ. నాలుక కొన మడవకుండా మధ్యభాగం అంగిలికి ఆనించు, ‘ల్య’కు దగ్గరగా వస్తుంది. అలాస్కా ఉత్తర కొసనున్న ఉత్కియాగ్విక్ ఊరి వైపు యాసలో కొన్ని ‘ఇ’ల తర్వాత ల, న ఇలా మెత్తబడతాయి, కొన్నిటి తర్వాత మెత్తబడవు. ఆ ‘ఇ’లు ఒకప్పుడు రెండు వేర్వేరు అచ్చులు మరి. ఏ మాటలో ఏదో మాటతోపాటే గుర్తుపెట్టుకో. చుక్కా తోకా వదలకుండా మొదటిరోజు నుంచే వాళ్ల అక్షరాల్లో రాయి. 1946లో రాయ్ అహ్మావోగాక్ అనే ఇన్యుపియాక్ పాస్టరు, అమెరికన్ భాషావేత్త యూజీన్ నైడా కలిసి ఆ అక్షరాలను కూర్చారు, తర్వాత సవరించుకున్నారు.

పడమటి తీరంలోని కోట్జెబూ ఊరి యాసను ఈ ఉత్కియాగ్విక్ యాసతో కలపకు.

బాగా మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లు. సొంతభాష మాట్లాడినందుకు బడిలో శిక్షలు పడ్డవాళ్లు వాళ్లలో ఉన్నారు. వెళ్లగానే రికార్డరు తీసి ప్రశ్నలు మొదలుపెట్టకు. కూర్చో, టీ తాగు, చేతిలో పని ఉంటే సాయంపట్టు, అడిగి ఒప్పుకున్నాకే నొక్కు. నీ తొందరవల్ల ఒక్క పెద్దావిడ మనసు నొచ్చుకున్నా నాకు నిద్రపట్టదు.

మొదటి నెల నోట్సు ఫోటోలు తీసి పంపు, చుక్కలు నేను చూస్తాను. వేళకి తిను.

పెదనాన్న